గోడ ప్లగ్గు దగ్గర మొదలుపెట్టండి: నమ్మకమైన విడిభాగాలతో కంప్యూటర్ కూర్చుకోవడం ఎలా

కంప్యూటర్ దుకాణంలో అడుగుపెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న "ఐ5 వేయమంటారా, ఐ7 వేయమంటారా?" అన్నదే, అంటే ఇంటెల్ ప్రాసెసర్లలో ఏ రకం కావాలన్నదే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ దుకాణాల సముదాయమైన సీటీసీలోనైనా, జిల్లా కేంద్రంలోని చిన్న కొట్టులోనైనా బేరం అక్కడే మొదలవుతుంది. ర్యామ్ ఎంత, గ్రాఫిక్స్ కార్డు ఏది అన్న మాటల మీదుగా సాగి, చివరకు చేతిలో మిగిలిన కొద్ది డబ్బుకు "ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి వచ్చే క్యాబినెట్ ఒకటి వేసేస్తాను సార్" అన్న మాటతో ముగుస్తుంది. ఈ వరుసను తలకిందులు చేయమన్నదే నా సలహా. గోడలోని ప్లగ్ పాయింటు దగ్గర మొదలుపెట్టి, కరెంటు ఏ దారిన లోపలికి వస్తుందో ఆ దారి వెంటే ఒక్కొక్క భాగాన్ని ఎంచుకుంటూ వెళ్లి, ప్రాసెసర్ సంగతి ఆ తర్వాత చూడండి. ప్రాసెసర్ అరుదుగా చెడిపోతుంది, చెడినా సాధారణంగా తనొక్కటే పోతుంది. గోడ కరెంటును లోపలి భాగాలకు తగిన వోల్టేజీలకు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్ పోయేటప్పుడు మాత్రం తనతో పాటు ఎన్నింటినైనా తీసుకుపోగలదు.

నేను మొదట కూర్పించుకున్న కంప్యూటర్‌లో ఈ సంగతి ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన క్షణంలో తెలిసివచ్చింది. చిన్న చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన వచ్చాయి. విప్పి చూస్తే ఎస్‌ఎంపీఎస్‌తో పాటు మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు కూడా పోయాయి. ప్రాసెసర్ మాత్రం మరో బోర్డులో ఇంకో నాలుగేళ్లు నిక్షేపంగా పనిచేసింది.

ముందు ఇంటి కరెంటు చూడండి

విడిభాగాల జాబితా రాయడానికి ముందే కంప్యూటర్ పెట్టబోయే గదిలోని ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజీ, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్న వోల్టేజీకి దాదాపు సమానంగా ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి కనిపిస్తే వైరింగు సంగతి చూడవలసిందే. క్యాబినెట్‌ను ముట్టుకుంటే వేళ్లు జిల్లుమంటున్నాయని చాలామంది చెబుతూ ఉంటారు. దానికి కారణం సాధారణంగా కంప్యూటర్ చెడిపోవడం కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ కలతను వడగట్టే చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి లోహపు పెట్టెకు కలిపి ఉంటాయి. ఎర్తు లేనప్పుడు వాటి వల్ల పెట్టె మొత్తం సరఫరా వోల్టేజీలో సుమారు సగం మీద తేలుతూ ఉంటుంది. ప్రవహించే కరెంటు చాలా తక్కువ కనుక మనిషికి మామూలుగా ముప్పు లేకపోయినా, మానిటర్, ప్రింటర్ వంటి వాటి కేబుళ్లు గుచ్చేటప్పుడు పోర్టులు దెబ్బతినే అవకాశం ఉంది. ఎర్త్ పిన్ విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చే అలవాటు ఉన్న ఇళ్లలో, ఎంత ఖరీదైన మదర్‌బోర్డు కొన్నా దాని ఆయుష్షుకు పూచీ ఉండదు.

తరువాత యూపీఎస్. పెట్టె మీద 600 వీఏ అని ఉంటే అది 600 వాట్లు ఇస్తుందని అనుకోవద్దు. ఆ తరహా యూపీఎస్‌లలో చాలావాటి అసలు సామర్థ్యం 360 వాట్లే, 1000 వీఏ అంటే సుమారు 600 వాట్లు. లోపలి 12 వోల్టుల బ్యాటరీ మన వేడిలో రెండు మూడేళ్లకు మించి నిలవదు కనుక దానిని మార్చే ఖర్చును కూడా లెక్కలో వేసుకోండి. ఇంట్లో ఇన్వర్టరు ఉందని యూపీఎస్ మానేయదలిస్తే, ఇన్వర్టరు వెనుక యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూసి, దానిని అటువైపు పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి పట్టే వ్యవధి ఫ్యానుకు, లైటుకు తెలియదు గానీ, మిల్లీసెకన్ల లెక్కలో ఊపిరి బిగబట్టగలిగే ఎస్‌ఎంపీఎస్‌కు మాత్రం అది కంప్యూటర్ రీస్టార్ట్ కావడానికి సరిపోయేంత ఎక్కువ.

ఎస్‌ఎంపీఎస్: తూచవలసింది పెట్టె మీది అంకె కాదు

క్యాబినెట్‌తో కలిపి వచ్చే ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని పక్కన అంటించిన చీటీలోని పట్టికను చదవడం నేర్చుకోండి. నేటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు మొత్తం శక్తిని 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. ఆ లైనుకు ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాసి ఉన్నాయో చూసి, ఆ సంఖ్యను 12తో గుణించండి. 18 ఆంపియర్లు అని ఉంటే, ఆ ఎస్‌ఎంపీఎస్ మీకు నిజంగా పనికొచ్చేది 216 వాట్లకే. మిగిలిన వాట్లు కాగితం మీద లెక్క పూర్తిచేయడానికి వేసినవి. ఆ 18 ఆంపియర్లు కూడా ఎండాకాలంలో అదే తీరున ఇస్తుందన్న భరోసా లేదు. మంచి తయారీలో 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చీటీ చూస్తే, 12 వోల్టుల లైను ఒక్కటే సుమారు 45 ఆంపియర్లు చూపుతుంది.

ఎస్‌ఎంపీఎస్‌ల మీద కనిపించే 80 ప్లస్ గుర్తు నాణ్యత మొత్తానికీ హామీ అన్న అపోహ బలంగా ఉంది. 2004లో మొదలైన ఈ ధ్రువీకరణ కొలిచేది సామర్థ్యాన్ని మాత్రమే, అంటే గోడ నుంచి లాగిన విద్యుత్తులో ఎంత భాగం లోపలికి చేరుతుంది, ఎంత వేడిగా పోతుంది అన్నది. అమెరికా తరహా 115 వోల్టుల పరీక్షలో సగం లోడు వద్ద బ్రాంజ్ స్థాయికి 85 శాతం, గోల్డ్ స్థాయికి 90 శాతం ఉండాలి. పరీక్ష జరిగేది సుమారు 23 డిగ్రీల గదిలో. రామగుండంలో, రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం క్యాబినెట్ లోపల ఉండే వేడి గురించి ఆ గుర్తు ఏమీ చెప్పదు. అందువల్ల గుర్తుతో పాటు మరికొన్ని చూడండి: పూర్తి లోడును 40 డిగ్రీల వద్ద ఇవ్వగలదని రాశారా, 50 డిగ్రీల వద్దనా, లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీల రకమా, 85 డిగ్రీల రకమా, వోల్టేజీ పెరిగినప్పుడు, షార్ట్ అయినప్పుడు, వేడి మించినప్పుడు తనంతట తానే ఆగిపోయే రక్షణలు అన్నీ పేరు పేరునా రాసి ఉన్నాయా. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల విషయంలో ఇంజినీర్లు వాడే ఒక మోటు లెక్క ఉంది: ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు అవుతుంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో లోపభూయిష్టమైన ఎలక్ట్రోలైటుతో తయారైన కెపాసిటర్లు ఉబ్బి, పగిలి, ప్రపంచమంతటా లక్షల మదర్‌బోర్డులను చెత్తకుప్పకు చేర్చాయి. ఇప్పటి బోర్డుల మీద ఘన కెపాసిటర్లు ఎక్కువగా కనిపించడానికి ఆ అనుభవం ఒక ముఖ్యకారణం.

ఎన్ని వాట్లు కావాలన్నది సులభమైన కూడిక. రైజెన్ 5 7600 ప్రాసెసర్ గరిష్ఠంగా 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు 115 వాట్లు, మిగతా బోర్డు, ర్యామ్, డిస్కులు, ఫ్యాన్లు కలిపి మరో 50, 60 వాట్లు, మొత్తం సుమారు 260. దీనికి 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ ధారాళంగా సరిపోతుంది; దుకాణదారుడు 850 అంటే కంగారుపడనవసరం లేదు. నాసిరకం 850 కన్నా నాణ్యమైన 550 మేలు. ఇక నాణ్యతకు మనబోటి వారికి అందుబాటులో ఉన్న కొలబద్ద వారంటీ. తయారీదారు 7 ఏళ్లో, 10 ఏళ్లో వారంటీ ఇస్తున్నాడంటే ఆ లెక్క వేసుకునే ఇస్తున్నాడు. ఏడాది వారంటీ ఇచ్చేవాడు కూడా లెక్క వేసుకునే ఇస్తున్నాడు.

క్యాబినెట్, గాలి, బల్లులు

కూలర్ల సమీక్షలు చదివేటప్పుడు అవి 21 నుంచి 25 డిగ్రీల గదుల్లో చేసినవని గుర్తుంచుకోండి. కూలర్ చేయగలిగేది గది ఉష్ణోగ్రత కన్నా ప్రాసెసర్ ఎంత ఎక్కువ వేడెక్కాలో నిర్ణయించడమే. ఏసీ లేని మన గది మే నెలలో 38 డిగ్రీలు ఉంటే, సమీక్షలో 70 చూపిన కూలర్ మన ఇంట్లో 85 చుట్టుపక్కల చూపుతుంది. కాబట్టి అవసరానికి ఒక మెట్టు పెద్ద కూలర్ తీసుకోండి. నీటితో చల్లబరిచేవి చూడముచ్చటగా ఉంటాయి గానీ వాటిలో పంపు ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గుండా ద్రవం కొద్దికొద్దిగా ఆవిరవుతుంది. గాలి కూలర్‌లో చెడగలిగేది ఫ్యాను ఒక్కటే, దానిని కొద్ది ఖర్చుతో మార్చుకోవచ్చు. ఇంటి వాడకానికి నేను గాలి కూలర్‌కే ఓటు వేస్తాను.

క్యాబినెట్ ముందు భాగం జాలీతో ఉండాలి, అద్దంతో మూసినది కాకూడదు. దుమ్ము వడపోతలు విప్పి కడుక్కోగలిగేలా ఉండాలి. వెనుకవైపు ఖాళీ స్లాట్లకు రేకు మూతలు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి తీసుకోండి. వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చే బల్లికి ఆ సందు చాలు, అది ఎస్‌ఎంపీఎస్ లోపలికి చేరిందంటే దానికీ ఆయుష్షు తీరుతుంది, కంప్యూటర్‌కూ తీరుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర పట్టణాల వారు కిటికీ పక్కన, ఉప్పుగాలి తగిలే చోట కంప్యూటర్ పెట్టకుండా ఉండటం మంచిది.

మదర్‌బోర్డు, ప్రాసెసర్

ఇక్కడ ఒక హెచ్చరిక. "కొత్త కంప్యూటర్, ఐ5 ప్రాసెసర్, ఏడాది వారంటీ" అని ఆశ్చర్యపరిచే ధరకు అమ్మే వాటిలో చాలావరకు ఉండేది వాడేసిన రెండో, మూడో తరం ప్రాసెసర్, దాని కింద కొత్తగా తయారుచేసిన హెచ్61 బోర్డు. ఆ బోర్డులోని ప్రధాన చిప్పు అయిన హెచ్61 చిప్‌సెట్ 2011 నాటిది. విండోస్ 11 ఇంటెల్ ప్రాసెసర్లలో అధికారికంగా అడిగేది ఎనిమిదో తరం లేదా ఆ పైది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ఐ5 అన్న పేరును కాదు, దాని తరువాత వచ్చే, తరాన్ని తెలిపే నాలుగైదు అంకెలను అడిగి రాయించుకోండి.

మంచి మదర్‌బోర్డును ఎంచుకోవడానికి రంగు లైట్లను, ఆకర్షణీయమైన పేర్లను పక్కనపెట్టి మూడు సంగతులు చూస్తే చాలు. ప్రాసెసర్ సాకెట్టు పక్కన వోల్టేజీని సరిచేసే భాగాల మీద లోహపు హీట్‌సింకు ఉందా. తయారీదారు వెబ్‌సైటులో మీరు కొనబోయే ప్రాసెసర్, ర్యామ్ రెండూ ఆ బోర్డుకు సరిపడేవిగా నమోదై ఉన్నాయా. గత ఏడాదిలో దాని బయాస్‌కు, అంటే బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే సాఫ్ట్‌వేరుకు, అప్‌డేట్లు విడుదలయ్యాయా. ఈ మూడోదానిని తేలికగా తీసుకోవద్దు. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్టులోనే కాలిపోయినప్పుడు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరు వంటి భాగాలకు వెళ్లే ఎస్‌ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు పరిమితం చేసే బయాస్‌లే పరిష్కారంగా వచ్చాయి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజీ కారణంగా క్రమంగా క్షీణిస్తున్నాయని తేలినప్పుడు, 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే మైక్రోకోడ్ సవరణలు బయాస్ రూపంలోనే వచ్చాయి, పెట్టెలో కొన్న ప్రాసెసర్లకు ఆ కంపెనీ వారంటీని మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది. ఆ తరాల ప్రాసెసర్ కొంటున్నట్లయితే కంప్యూటర్ మొదలుపెట్టిన రోజే బయాస్‌ను తాజా పరచండి. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం వాటి జోలికి పోకండి, ఎందుకంటే అప్పటికే జరిగిన క్షీణతను ఏ సవరణా వెనక్కి తేలేదు.

పెట్టెలో వచ్చేదానికీ, పెట్టె లేకుండా విడిగా అమ్మే ట్రే ప్రాసెసర్‌కూ తేడా కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ట్రే ప్రాసెసర్ చౌక, కానీ దానికి వారంటీ సాధారణంగా అమ్మినవాడి మాట మీదే ఆధారపడి ఉంటుంది. మిగిలేది వెయ్యి రూపాయలైతే నేను పెట్టెలోదే తీసుకుంటాను.

ర్యామ్, నిల్వ

ర్యామ్ రెండు స్టిక్కులు ఒకే ప్యాకులో వచ్చినవి కొనండి. ఇప్పుడొకటి, వచ్చే ఏడాది మరొకటి అన్న ఆలోచన పొదుపుగా కనిపించినా, అదే మోడల్ పేరుతో లోపలి చిప్పులు మారిపోతూ ఉంటాయి కనుక జత కుదరకపోవచ్చు. ఇప్పటి తరం ర్యామ్ అయిన డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు మరింత చిక్కు: రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులైతే 5200 వేగం, నాలుగైతే 3600 మాత్రమే తయారీదారు హామీ. డీడీఆర్5లో చిప్పు లోపల దోష సవరణ ఉంటుందని, అది సర్వర్ల ర్యామ్‌తో సమానమని చెప్పే మాట నమ్మవద్దు. చిప్పు నుంచి ప్రాసెసర్‌కు వెళ్లే దారిలో జరిగే తప్పులను అది పట్టుకోదు.

ఎస్‌ఎస్‌డీల విషయంలో మన వారు అవసరానికి మించి భయపడేది టీబీడబ్ల్యూ అనే అంకెను చూసి, అంటే ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ వర్తిస్తుందో చెప్పే పరిమితిని చూసి. ఒక టెరాబైటు శామ్‌సంగ్ 970 ఈవో ప్లస్‌కు అది 600, క్రూషియల్ పీ3కి 220. ఆ 220ని అయిదేళ్లకు పంచినా రోజుకు 120 గిగాబైట్లు వస్తుంది. ఇంట్లో పత్రాలు, ఫోటోలు, ఆటలతో అంత రాసేవారు అరుదు. అసలు చూడవలసింది వేరే ఉంది. లోపలి చిప్పులు ఒక్కో గడిలో మూడు బిట్లు దాచే టీఎల్‌సీనా, నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీనా అన్నది ముందు తెలుసుకోండి. పెద్ద వీడియో ఫైళ్లతో పనిచేసేవారికి క్యూఎల్‌సీ డిస్కు సగం దారిలో హార్డ్ డిస్కు కన్నా నెమ్మదించే సందర్భాలున్నాయి. పైగా కొందరు తయారీదారులు మొదట సమీక్షలకు మంచి చిప్పులతో పంపి, తర్వాత అదే పేరుతో లోపలి సరుకు మార్చిన సంగతి 2021లో బయటపడింది. కాబట్టి రెండేళ్ల కిందటి సమీక్షను కాకుండా ఇటీవల కొన్నవారి అనుభవాలను చదవండి.

హార్డ్ డిస్కు కొంటే మొదటి పని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేరులో అది ఎన్ని గంటలు పనిచేసిందో చూడటం. కొత్తదానికి ఆ సంఖ్య సున్నాకు దగ్గరగా ఉండాలి. ఈ సంఖ్యను కూడా తుడిచేసే మోసగాళ్లున్నారు: 2025 మొదట్లో జర్మనీలో, వేల గంటలు తిరిగిన సర్వర్ డిస్కులు కొత్తవిగా అమ్ముడైన వ్యవహారం అలాగే వెలుగు చూసింది. సీరియల్ నంబరును తయారీదారు వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఎప్పటివరకు ఉందో చూడటం మరో అడ్డుకట్ట.

గ్రాఫిక్స్ కార్డు

కొత్తదైతే చెప్పవలసింది తక్కువ: మూడేళ్ల వారంటీ మన దేశంలో వర్తిస్తుందో లేదో చూడండి, బరువైన కార్డయితే కింద ఆసరా పెట్టండి. 16 పిన్నుల పవర్ కనెక్టరు ఉన్న కార్డయితే దానిని చివరంటా నొక్కండి. 2022 అక్టోబరు నుంచి ఆర్‌టీఎక్స్ 4090ల కనెక్టర్లు కరగడం మొదలైనప్పుడు, పూర్తిగా లోపలికి దిగకపోవడం ఒక ప్రధాన కారణంగా తేలింది. సెకండ్ హ్యాండ్ కార్డయితే, గ్రాఫిక్స్ కార్డులను రాత్రింబవళ్లు నడిపి ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీని సంపాదించే మైనింగు 2022 సెప్టెంబరు 15న ఆగిపోయాక లెక్కలేనన్ని కార్డులు మార్కెట్టులోకి వచ్చాయన్నది మనసులో పెట్టుకుని, కనీసం అరగంట భారం వేసి, కళ్లెదుట నడిపి చూపితేనే డబ్బు ఇవ్వండి.

బిల్లు, ఆ తర్వాత పరీక్ష

"బిల్లు లేకుండా అయితే ఇంత" అనే మాటకు లొంగవద్దు. కంప్యూటర్ విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. 60,000 రూపాయల సరుకుకు 10,800 మిగులుతుందని తోచినా, మూడో ఏట మదర్‌బోర్డు ఆగిపోయి సర్వీస్ సెంటరుకు వెళ్లిన రోజున ఆ మిగులు ఎవరి జేబులో ఉందో తెలుస్తుంది. బిల్లులో "అసెంబుల్డ్ కంప్యూటర్ 1" అని ఒకే వరుస రాయనివ్వకండి. ప్రతి భాగానికీ మోడల్ పేరు, సీరియల్ నంబరు విడివిడిగా ఉండాలి. అమ్మినవాడు మాట తప్పితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మదర్‌బోర్డు పెట్టెను దుకాణంలోనే తెరిపించి, సాకెట్టులోని పిన్నులు ఒకే వరుసలో మెరుస్తున్నాయో లేదో ఫోను లైటు వేసి చూడండి, ఒక ఫోటో కూడా తీసుకోండి. ఒక్క పిన్ను వంగినా వారంటీ వర్తించదు, అది మీ చేతిలోనే వంగిందని చెప్పడం వారికి చాలా తేలిక.

ఇంటికి తెచ్చాక, మార్చి ఇచ్చే గడువు ముగిసేలోపే కంప్యూటర్‌ను కష్టపెట్టండి. మొదటి రాత్రి మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను నాలుగు చుట్లు పరీక్షించండి. ఒక్క తప్పు కనిపించినా, అది ఒక్కటే కదా అనుకోకుండా ర్యామ్ మార్పించండి. ర్యామ్‌ను బయాస్‌లో వేగవంతమైన ప్రొఫైల్‌లో పెట్టి ఉంటే ముందు మామూలు వేగానికి దించి మళ్లీ పరీక్షించండి, తప్పు ర్యామ్‌దో సెట్టింగుదో అప్పుడు తేలుతుంది. మరునాడు ఓసీసీటీ వంటి సాఫ్ట్‌వేరుతో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండింటి మీదా ఒకేసారి గంటసేపు భారం వేయండి. వీలైతే మధ్యాహ్నం పూట, ఏసీ ఆపి చేయండి. ఆ గంటలో యూపీఎస్ ప్లగ్గును ఒకసారి గోడ నుంచి తీసి చూడండి. కంప్యూటర్ ఆగిపోతే తప్పు యూపీఎస్‌లో ఉందో ఎస్‌ఎంపీఎస్‌లో ఉందో తేల్చుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. తర్వాత విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి హార్డ్‌వేర్ తప్పులు ఏవైనా నమోదయ్యాయేమో చూడండి.

పెట్టెలన్నీ అటక మీదకు ఎక్కించండి. సాకెట్టు మీద వచ్చిన నల్లటి ప్లాస్టిక్ మూతను మాత్రం పారేయకుండా మదర్‌బోర్డు పెట్టెలోనే ఉంచండి. వారంటీ కింద బోర్డు వెనక్కి పంపేటప్పుడు సర్వీస్ సెంటరు వారు ముందుగా అడిగేది దానినే.